అరికాళ్ల జాతకం

నా చిన్నప్పుడు మా బడిలో సరిగ్గా ఒక్క ఏడాది నర్సు ఉంది. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు నేనేదో గొప్పలు పోతున్నాననుకుంటారు, ఎందుకంటే వాళ్ల బళ్లలో చాలావాటికి ఆ ఒక్క ఏడాది భాగ్యం కూడా పట్టలేదు. మాది నవీపేట్‌కు కొంచెం ఎడంగా ఉండే ఊరు. కొందరు చెరుకు వేసేవారు, కొందరు పసుపు, నీళ్లు బాగా ఉన్నవాళ్లు వరి. చెరుకంతా ఎడ్లబండ్ల మీద బోధన్ ఫ్యాక్టరీకి పోయేది. బడి అంటే పాఠాలకు మూడు గదులు, ఒక వరండా, ఇద్దరు సార్లు. నాలుగో గదిలో విరిగిన బల్లలు పడి ఉండేవి. ఆ ఏడాది సర్కారు బడిపిల్లల ఆరోగ్యానికని డబ్బు మంజూరు చేసిందట. బల్లలు బయటికి తీసి, గోడలకు సున్నం కొట్టి, ఒక మేజాబల్ల వేశారు. జూన్‌లో నర్సు వచ్చింది.

ఆమెది బోధన్. తాతల కాలం నుంచి అక్కడే ఉన్న ముస్లిం కుటుంబం, ఇంట్లో మగవాళ్లంతా దర్జీలు. పొద్దున బస్సు దిగి, చేతిసంచీ భుజానికి తగిలించుకుని, చెరుకుతోటల మధ్య నుంచి నడిచి వచ్చేది. మొదట నర్సమ్మ అన్నాం. "ఆపా అనుండ్రి, అక్క అన్నట్టే" అని ఆమే చెప్పింది. అప్పటి నుంచి నర్సు ఆపా అయింది.

మొదటి వారం ఆ గది గడప ఎవరూ తొక్కలేదు. సూది అంటే మాకు పోలీసుల కంటే ఎక్కువ భయం. ఎవరికి దెబ్బ తగిలినా దాచిపెట్టేవాళ్లం. ఊళ్లో పిల్లలందరివీ ఉత్త కాళ్లే. చెరుకు కొట్టిన చేలల్లో కొయ్యకాళ్లు కత్తుల్లా నిలబడి ఉంటాయి, వాటి మధ్యనే పరుగెత్తేవాళ్లం, బండి వెంట పడి చెరుకు గడ గుంజుకుని వచ్చేవాళ్లం. కాలికి దెబ్బ లేని పిల్ల ఒక్కతీ ఉండేది కాదు. కానీ ఆపా అడిగితే మాత్రం అందరం బుద్ధిమంతుల్లా చేతులు కట్టుకుని, మాకేం లేదని చెప్పేవాళ్లం.

అప్పుడామె ఒక ఉపాయం చేసింది. తనకు అరికాలు చూసి జాతకం చెప్పడం వచ్చని ఒక్క పిల్లకు చెప్పి ఊరుకుంది. మధ్యాహ్నం బెల్లు కొట్టేసరికి వరండా నిండా లైను. ఆపా చిన్న పీట మీద కూర్చుని మా కాళ్లను ఒక్కొక్కటిగా ఒళ్లో పెట్టుకునేది. "కాలు తే బేటా. మొఖం నాకెందుకు, మొఖం అబద్ధం ఆడుతది" అనేది. కుండలో కాచిన నీళ్లు, సబ్బు, గుడ్డ పక్కనే ఉండేవి. రేఖలు కనబడాలంటే కాలు శుభ్రంగా ఉండాలని చెప్పి కడిగేది. కడుగుతూ నువ్వు రైలెక్కి దూరం పోతవంటుంది, నీకు రెండంతస్తుల ఇల్లుందంటుంది. అంటూనే దెబ్బ ఎక్కడుందో బొటనవేలితో నొక్కి చూసేది. లోతు దెబ్బయితే నవ్వు మొహంతోనే లేచి, వాళ్ల ఇంటికి పోయి, తల్లిని వెంటబెట్టుకుని మధ్యాహ్నం బస్సుకు దవాఖానకు తీసుకుపోయేది. నాకు ఆమె మాటలంటే ఎంత మోజో, లైనులో రెండుసార్లు నిలబడేదాన్ని. రెండోసారి కూడా కొత్త జాతకమే చెప్పేది.

ఒక్క విషయంలో మాత్రం ఆపాకు కోపం వచ్చేది. మా ఊళ్లో దెబ్బ తగిలితే పసుపు పెడతారు. ఇందులో వింతేముంది, అందరూ పెడతారు. కానీ పసుపు పండించే ఊళ్లో వంటింట్లోని మంచి పసుపు దెబ్బకు ఎవరు పెడతారు? ఉడికించి ఎండబెట్టిన కొమ్ములను డ్రమ్ములో వేసి తిప్పితే, పైపొట్టు రాలి పొడిపొడిగా డ్రమ్ము కింద పడుతుంది. అక్కడే ఎడ్లు తిరుగుతాయి, పేడ పడుతుంది. మట్టి కలిసిన ఆ పొడిని గుప్పెడు తీసి దెబ్బలో దట్టించడం మా వాళ్లకు అలవాటు. ఊరికే వచ్చేది గదా. ఆపా ఆ పసుపు పొడిని గాయంలోంచి కడిగి కడిగి తీసేది. "పసుపు మంచిదే. గా నేల మంచిది గాదు" అని తల్లులకు చెప్పి చెప్పి ఆమె నోరు నొప్పెట్టేది. మా అమ్మతో సహా వాళ్లంతా తలూపేవారు, ఇంటికి పోయి మళ్లీ అదే పెట్టేవారు.

ఏప్రిల్‌లో సెలవులిచ్చారు. జూన్‌లో బడి తెరిస్తే నాలుగో గదికి తాళం ఉంది. వారం రోజులు దాని ముందే తచ్చాడాం. చివరికి పెద్దసారు పిలిచి, "ఆమె ఇగ రాదు. సర్కారు ఒక్క ఏడాదికే ఇచ్చింది. మల్ల ఇస్తే మల్ల వస్తది" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు, అర్జీ పెట్టాడట కూడా. ఇచ్చినట్టే ఇచ్చి వెనక్కు తీసుకోవడం ఏమిటో పదేళ్ల పిల్లకు అర్థం కాలేదు. అరవై దాటాక కూడా నాకు అంతంత మాత్రంగానే అర్థమవుతోంది.

ఆపా లేని లోటు నేను తీర్చాలనుకున్నాను. ఎవరూ అడగలేదు, నాకే అనిపించింది. తాళం వేసిన గది ముందు గడప మీద కూర్చుని పిల్లల కాళ్లు ఒళ్లో పెట్టుకుని జాతకాలు చెప్పడం మొదలుపెట్టాను. రైలు, రెండంతస్తుల ఇల్లు, అన్నీ ఆమె మాటలే. ఆమె గొంతు కూడా వచ్చేసింది నాకు. సబ్బు లేదు, కాచిన నీళ్లు లేవు. వాటి గురించి నేను ఆలోచించనే లేదు. ఆపా చెప్పిన ప్రతి మాటా నాకు గుర్తుంది గానీ, మాట్లాడేటప్పుడు ఆమె చేతులు ఏం చేసేవో చూడనే లేదు. అయినా పిల్లలు వచ్చారు. నన్ను చిన్న ఆపా అన్నారు. ఆ పిలుపుకు నేనెంత మురిసిపోయానో తలుచుకుంటే ఇప్పుడు కూడా సిగ్గుగా ఉంటుంది.

మా పక్కింటి పిల్లది నా ఈడే. ఇద్దరం ఒకే పలక మీద అక్షరాలు దిద్దినవాళ్లం. వాళ్లమ్మ పసుపు డ్రమ్ముల దగ్గర కూలికి పోయేది. మాఘమాసంలో ఒక పొద్దున ఆ పిల్ల కుంటుతూ వచ్చి గడప మీద నా పక్కన కూర్చుంది. ముందురోజు బండి మీది చెరుకు గుంజబోయి కొయ్యకాలు మీద కాలేసింది. ఇంట్లో చెబితే చెరుకు దొంగతనం బయటపడి తన్నులు పడతాయి. అందుకని తల్లి పనిచేసే చోటికి పోయి, డ్రమ్ము కింది పొడి తానే తీసి దట్టించుకుంది. పైకి చూస్తే ఏమీ లేదు, పచ్చగా బొట్టు పెట్టినట్టుంది.

"సూడే, నా కాల్ల ఏమున్నది?" అని అడిగింది. నేను ఆపా లాగానే కళ్లు చిన్నవి చేసి చూశాను. ఆపా అయితే ముందు కడుగుతుంది కదా అని ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణం నాకు స్పష్టంగా గుర్తుంది, అందుకే తెలియక చేశానని నేను చెప్పుకోలేను. నీళ్లకు బోరింగు దగ్గరికి పోవాలంటే బద్ధకమనిపించింది, లైనులో ఇంకా నలుగురు ఉన్నారు. "ఏం గాదు. నూరేండ్లు బతుకుతవ్" అన్నాను. ఆ పిల్ల నవ్వి కాలు తీసుకుని లోపలికి పోయింది.

ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, పాఠం అప్పచెప్పమంటే దాని నోరు పెగల్లేదు. సారు వెక్కిరిస్తోందనుకుని బెత్తం తీశాడు. మేము నవ్వాం. అది కూడా నవ్వుతున్నట్టే కనబడింది, దవడలు బిగుసుకుపోతే మొహం అలాగే ఉంటుందని మాకేం తెలుసు. సాయంత్రానికి జొన్నరొట్టె కొరకలేకపోయింది. గాలి సోకిందని ఒక రోజు పోగొట్టారు. మూడో రోజు వెన్ను విల్లులా వంగిపోతే, ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండిని ఖాళీ చేయించి అందులో పడుకోబెట్టి బోధన్ తీసుకుపోయారు. అక్కడి నుంచి నిజామాబాద్. ధనుర్వాతం, చాలా ఆలస్యమైందన్నారు. రెండు రోజులు చీకటి గదిలో ఉంచారట. తిరిగి తెచ్చేటప్పుడు మాత్రం తొందరేమీ లేకపోయింది.

వాళ్లమ్మ ఏడుస్తూ వచ్చినవాళ్లందరికీ ఒకటే చెప్పేది. "కాలికేమైందే బిడ్డా అని అడిగిన. ఏం గాలేదవ్వా, చిన్న ఆపా సూసింది, నూరేండ్లు బతుకుతనని చెప్పింది అన్నది. నేను గూడ నవ్విన." ఆమె నా మీద నింద వేయడానికి అనలేదు. నన్ను దగ్గరికి తీసుకుని మరీ చెప్పింది. తిట్టినా బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

పదకొండో రోజు నర్సు ఆపా వచ్చింది. ఎవరు కబురు చేశారో తెలియదు. ఆ ఇంట్లో కాసేపు కూర్చుని, బయటికి వచ్చి నన్ను వెతుక్కుంది. నేను ఎడ్లకొట్టం వెనక ఉన్నాను. మొత్తం చెప్పేశాను, బోరింగు సంగతితో సహా. ఏం కాదు బేటా అంటుందని ఎదురుచూశాను. ఆమె అనలేదు. నా తల మీద చెయ్యి వేసి, "మీకు నా మాటలే ఇనిపించిన, పని నేర్పలేదు. తప్పు నాది, నీది గాదు" అంది. సర్కారు ఆఫీసుకు నాలుగుసార్లు పోయి, జీతం సగం ఇచ్చినా చేస్తానని అడిగిందట. చూద్దామన్నారట. అది చెబుతుంటే ఆమె గొంతులో ఆశ లేదని నాకు కూడా తెలిసింది. రోడ్డు దాకా వెంట పోయాను. బస్సు ఎక్కే ముందు ఒకసారి వంగి నా కాళ్లు చూసింది, జాతకం చెప్పలేదు. ఆ తర్వాత ఆమెను చూడలేదు.

తప్పు తనదని చెప్పి ఆమె నా బరువు దించాలనుకుంది. దిగలేదు. నేను పంతులమ్మనయ్యాను, ముప్పై ఏళ్లకు పైగా సర్కారు బళ్లలో పాఠాలు చెప్పాను. పోయిన ప్రతి బడి నుంచీ నర్సు కావాలని అర్జీ పెట్టాను. నిధులు లేవని కొన్ని జవాబులు, పరిశీలనలో ఉందని కొన్ని, చాలావాటికి అసలు జవాబే లేదు. ఏడాదికొకసారి జీపులో ఎవరో వచ్చి పిల్లల ఎత్తు, బరువు రాసుకుని పోయేవారు. చెప్పులు విప్పించి తూకం వేసేవారు గానీ అరికాలు చూసినవాళ్లు లేరు.

ఇప్పుడు నిజామాబాద్‌లో ఉంటున్నాను. నేను చివరగా పనిచేసిన బడికి రెండేళ్ల కింద నర్సు మంజూరైందని విని పరుగున పోయాను. నిజంగానే ఒక అమ్మాయి వచ్చింది, ఐదు బళ్లకు ఒక్కతే. ఏడాది కాగానే మంజూరు ముగిసింది, పొడిగింపు రాలేదు. గదికి తాళం పడింది. నాకు ఆశ్చర్యం కలగలేదు, అదే ఎక్కువ బాధ.

పోయిన నెల ఆ బడి హెడ్‌మాస్టరమ్మ ఇంటికి వచ్చింది. మంచి మనిషి, పిల్లలంటే ప్రాణం. "మేడం, ఇంట్ల ఖాళీగనే ఉంటున్నరు గద. వారానికి రెండు దినాలు అచ్చి నర్సు రూములో కూసోండ్రి. పెద్దమనిషి ఒకలు ఉంటే పిల్లలకు ధైర్యం" అంది. నాకు రాదమ్మా అన్నాను. మందులిచ్చే పనేం లేదు, ఊరికే చూస్తే చాలు అని బతిమాలింది. రానని కటువుగానే చెప్పాను. ఆమె చిన్నబుచ్చుకుని పోయింది. ఇంత చదువుకున్న ఈ ముసలామెకు ఇంత రాతిగుండె ఏమిటని అనుకునే ఉంటుంది.

ఆమె పోయాక మళ్లీ ఒక అర్జీ రాశాను. వస్తుందని కాదు. పని వచ్చిన మనిషిని పంపమని అడగడం తప్ప ఆ గదికి నేను చేయగలిగింది ఇంకేమీ లేదు. అక్కడికి పోయి కూర్చుంటే ఏదో ఒకరోజు ఒక పిల్ల కుంటుకుంటూ వచ్చి కాలు నా ఒళ్లో పెడుతుంది. నా తెల్ల జుట్టు చూసి, నేను ఏం కాదంటే నమ్ముతుంది.