ఒక్క ఫారం చదివిన కోడలు

బైండింగ్ షాపులో ఆమెని అందరూ చదువులమ్మ అంటారు. ఎనిమిదో తరగతిలోనే బడి మానిపించినా, కాగితం చేతికొస్తే కళ్లు అక్షరాల మీదే. అచ్చయిన పెద్ద కాగితాన్ని మడిస్తే పదహారు పేజీలవుతుంది. దాన్నే ఫారం అంటారు. రోజంతా ఒకటే ఫారం మడుస్తుంది కాబట్టి ఆ పేజీలు నోటికొచ్చేస్తాయి. దాని ముందేముందో, తర్వాతేముందో పక్కబల్ల వాళ్లకే తెలియాలి.

ఆ వారం మడిచింది మతాల చరిత్ర. క్రైస్తవుల తొలిరోజుల్లోనే మిత్రాస్ అనే సూర్యదేవుణ్ణి కొలిచేవాళ్లు కూడా గుహల్లాంటి గదుల్లో చేరి రొట్టె, గిన్నెలో పానీయం పంచుకునేవారట. నీళ్లతో శుద్ధి చేసుకోవడం ఇంకా ఎన్నో మతాల్లో ఉండేదట. డిసెంబరు ఇరవై ఐదున సూర్యుడి పుట్టినరోజు చేసేవారట. "కాబట్టి క్రైస్తవంలో ఇవన్నీ అరువు తెచ్చుకున్నవేనని కొందరు" అన్నచోట ఫారం అయిపోయింది.

ఇంట్లో అత్తగారికి ఉన్న గొప్ప ఒక్కటే. చర్చిలో ప్రభువు బల్ల అనే ఆరాధనలో అందరికీ పంచే రొట్టె చేసేది ఆవిడే. మామగారు పోయాక నలుగురూ ఆవిడని ఆగి పలకరిస్తున్నారంటే ఆ రొట్టె వల్లే. శనివారం మధ్యాహ్నం సంఘంలోని ఆడవాళ్లు వంటగది గుమ్మంలో కూర్చుని కబుర్లాడుతుంటే ఆవిడ పిండి వత్తేది.

"కోడలు సాయం చెయ్యదా వదినా?" అంది ఆ శనివారం పాస్టరుగారి భార్య.

"ఎక్కడ! మా చదువులమ్మకి పుస్తకం కనిపిస్తే పాలు పొంగి పొయ్యి ఆరినా తెలీదు."

అందరూ గొల్లున నవ్వారు. కోడలికి చెవులు వేడెక్కాయి. పదిమందిలో నోరెత్తని మనిషికి ఆ రోజు ఎక్కడలేని మాట వచ్చింది.

"అంత మురిసిపోకండి అత్తయ్యా. ఆ రొట్టె మనదేం కాదు. సూర్యుణ్ణి మొక్కేవాళ్ల దగ్గర ఎత్తుకొచ్చింది. పుస్తకంలో ఉంది."

"నువ్వు చదివావా?" అంది అత్తగారు.

"నా చేత్తో మడిచాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అత్తగారు పిండిముద్ద పళ్లెంలో పెట్టేసింది. ఆ పూటకి ఎలాగో కాల్చింది గాని, మర్నాడు పాస్టరుగారితో, "ఇకనుంచి కొట్లో కొనుక్కోండయ్యగారూ, నాకు ఓపికుండట్లేదు" అని చెప్పేసింది.

తర్వాత షాపులో కుట్టుపని మొదలైంది. ఫారాలు వరసగా పేర్చి దారం లాగుతుంటే తను మడిచినదాని పక్క ఫారం మొదటి పంక్తి కంటపడింది. "అంటారు గాని, అందుకు రుజువులు చాలవు. ఎవరు ఎవర్ని చూసి నేర్చుకున్నారో చాలాచోట్ల తెలియదు. కలిసి తినడం, నీళ్లతో కడుక్కోవడం మనుషులందరికీ ఉన్నవే."

సూది ఆగిపోయింది.

"ఏమ్మా చదువులమ్మా, కథ మంచి పట్టులో ఉందా?" అన్నాడు యజమాని.

తెలియక అన్నానని తనకి తాను సర్దిచెప్పుకోబోయింది. కుదరలేదు. వాక్యం మధ్యలో తెగిందని ఆ రోజే తెలుసు. తెగినచోట తనకి కావలసిన ముక్క అతికించుకుంది.

ఇంటికెళ్లి అత్తగారికి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆవిడ కూర తరుగుతూ తలెత్తకుండానే అంది: "నా ఒక్కదానికి చెప్తే సరిపోతుందా? నా పరువు నీ ఒక్కదాని ముందు పోయిందా?"

ఆదివారం ప్రార్థన అయ్యాక ఆడవాళ్లంతా చెప్పులేసుకుంటుంటే కోడలు వాళ్ల మధ్యకొచ్చి నిలబడింది. చీర కొంగు మెలిపెట్టుకుంటూ, "ఆ రోజు నేను సగమే చదివి అన్నాను" అంది. అంతటితో ఆపుదామనుకుంది. "అత్తయ్యని చిన్నబుచ్చాలనే అన్నాను" అని కూడా వచ్చేసింది.

పాస్టరుగారి భార్యే ముందుగా తేరుకుంది. "పోనీలే తల్లీ. వదినా, రొట్టె మళ్లీ మీరే చెయ్యండి. ఆ కొట్టుది అట్టముక్కలా ఉంది."

"చేస్తాలెండి," అంది అత్తగారు.

దార్లో చాలాసేపు ఆవిడ ముందే నడిచింది. మలుపు దగ్గర ఆగి, కోపం లేకుండానే అంది: "చేస్తాను. కానీ ఇక పిండిలో చెయ్యి పెట్టినప్పుడల్లా ఇది ఎవరిదోనని అనిపిస్తుందే. దాన్ని నువ్వేం చెయ్యగలవు?"

కోడలు తల వంచుకుని, రెండడుగులు వెనకాలే ఇల్లు చేరింది.