ఇటుకల దిబ్బ మజిలీ

ఓడెక్కకుండా సింహాచలం చూసొచ్చిన మనిషెవరని రివియేర్ దు రాంపార్ చెరకు కాంపుల్లో ఏ ముసలాయన్ని అడిగినా ఒకటే పేరు చెప్పేవాడు: కొరంగీ అప్పయ్య. అక్కడ తెలుగువాళ్ళని కొరంగీలనేవారు లెండి. ఒకసారా రెండుసార్లా, ఏ యాభైసార్లో వెళ్ళొచ్చాడు. అసలా మనిషి మారిషస్ గడ్డ మీదే పుట్టి, ఆ గడ్డ మీదే చెరకు నరికి, పోర్ లూయీ రేవులో కాలైనా తడపనివాడు. మరెలా వెళ్ళాడంటారా? అదేగా చెప్పబోతున్నాను, కాస్త ఆగండి.

వాళ్ళమ్మ ముత్యాలమ్మది వంశధార ఒడ్డున, ముఖలింగం పక్కనే ఒక పల్లె. పదిహేనేళ్ళ వయసులో కూలీల మేస్త్రి వెంట ఇల్లు విడిచింది. నది వెంట దిగి శాలిహుండం కొండ, కళింగపట్నం సముద్రం, శ్రీకూర్మం, అరసవల్లి, రామతీర్థం, భీమిలి, సింహాచలం దాటుకుంటూ విశాఖపట్నం రేవుదాకా నడిచి ఓడెక్కింది. తక్కిన వాళ్ళంతా ఏడుస్తూ నడిచారు. ఈవిడ మాత్రం ఒక్కొక్క గుర్తూ నోట్లో వేసుకుంటూ నడిచింది. ఐదేళ్ళ ఒప్పందం తీరగానే ఇదే దారిన వెనక్కి రావాలి కదా మరి! తీరింది, మళ్ళీ వేలిముద్ర వేయించుకున్నారు, మళ్ళీ తీరింది. ఆవిడ వెళ్ళనే లేదు.

మనిషి వెళ్ళకపోయినా దారి నోట్లో మిగిలింది. కాంపులో ఎవరికైనా ప్రాణం పోలేక కొట్టుకుంటుంటే ముత్యాలమ్మ వెళ్ళి పక్కన కూర్చునేది. ముందు వాళ్ళ కాళ్ళు కడిగేది. కుడిచెయ్యి పట్టుకుని, విశాఖపట్నం రేవులో దించి, మజిలీ మజిలీ చెబుతూ వాళ్ళ ఊరికి నడిపించేది. ఊరి గడప తొక్కగానే ప్రాణం హాయిగా పోయేది. దాన్నే కాంపులో యాత్ర అనేవారు. ఆవిడ పోయాక ఆ పని కొడుకు అప్పయ్య మీద పడింది.

"సింహాచలం వచ్చాం, మెట్లెక్కు. సంపెంగ వాసన వస్తోందా?" అనేవాడు. మంచం మీది మనిషి కళ్ళు మూసుకునే "వస్తోంది, వస్తోంది" అనేవాడు. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బల మధ్య నడిపించేవాడు. అరసవల్లిలో సూర్యుడి పాదాల మీద ఎండ పడటం చూపించేవాడు. శ్రీకూర్మంలో తాబేళ్ళకి ఆకులు పెట్టించేవాడు. కళింగపట్నంలో దీపస్తంభం కింద నిలబెట్టి సముద్రాన్ని ఆఖరిసారి చూసుకోమనేవాడు. అక్కణ్ణుంచి నదెంట పైకి, శాలిహుండం.

అక్కడే ఉంది తిరకాసంతా. ఆ కొండ మీద గుండ్రటి ఇటుకల దిబ్బలుంటాయట. వాటి మధ్య కళ్ళు మూసుకుని కూర్చున్న రాతిమనిషి ఒకాయన. బుద్ధుడని కొందరు, ఎవరో జోగి అని కొందరు. ముత్యాలమ్మ అవేవీ పట్టించుకోలేదు, ఆ పక్కన చల్లగా ఉంటుందని మాత్రం చెప్పింది. యాత్ర చేసేవాళ్ళు అక్కడ కూర్చుని, ఆయనలాగే కళ్ళు మూసుకుని అలుపు తీర్చుకోవాలి. అలా కూర్చున్నవాళ్ళు తమంతట తాము లేవరు. నడిపించేవాడు పేరు పెట్టి పిలిచి, "లే, ఊరొచ్చింది" అనాలి. అప్పుడే లేస్తారు.

"నువ్వు మాత్తరం కూకోకురా అయ్యా," అని ముత్యాలమ్మ కొడుక్కి మరీ మరీ చెప్పింది. "నీ కాళ్ళు ఊడిపోయినా సరే, కూకోకు. నిన్ను పిలిసేవోళ్ళు అక్కడ ఎవురూ ఉండరు. గడపదాకా దింపి, ఎనక్కి తిరిగి, మళ్ళీ అన్ని మజిలీలూ పేరుపేరునా సెప్పుకుంటూ రావాలి. ఒచ్చి కాళ్ళు కడుక్కోవాలి."

పంతొమ్మిదివందల మూడులో చలిజ్వరం కాంపుని ఊడ్చేసింది. అప్పయ్య భార్య పైడమ్మ మంచం పట్టింది. ఒకరోజు పొద్దెక్కాక ఆవిడే, "నన్ను తీసుకుపో, ఇంక నావల్ల కాదు," అంది. అప్పయ్య కాళ్ళు కడిగాడు, చెయ్యి పట్టుకున్నాడు. బయట కూతురు కామిని, ఎనిమిదేళ్ళ పిల్ల, కుండ కడుగుతోంది. సింహాచలం దాటారు, కళింగపట్నం దాటారు. ఇటుకల దిబ్బ దగ్గర పైడమ్మ కూర్చుని కళ్ళు మూసుకుంది.

ఇక పిలవాలి. పిలిస్తే లేస్తుంది. లేస్తే ఊరొస్తుంది. ఊరొస్తే పోతుంది. అప్పయ్య నోరు తెరిచాడు, మాట రాలేదు. పన్నెండేళ్ళ కాపురంలో "ఓలే" అనడమే తప్ప ఆవిణ్ణి ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. భార్యని పేరు పెట్టి పిలవడం మన మగాళ్ళకి నామోషీ కదా! కానీ అప్పయ్య నాలుకకి అడ్డుపడింది నామోషీ కాదు, ప్రేమ. ఆ చెయ్యి మెల్లగా వదిలేసి, ఒక్కడే గబగబా మజిలీలన్నీ చెప్పుకుంటూ వెనక్కొచ్చేశాడు. బతుకుతుందనుకున్నాడు, పిచ్చివాడు!

పదకొండు రోజులు పైడమ్మ అటూ కాక ఇటూ కాక పడి ఉంది. పలకదు, మింగదు. పన్నెండోనాడు ఊపిరి ఆగిపోయింది. నిండుగా ఊరికి చేర్చానని అప్పయ్య అందరికీ చెప్పాడు. అత్తగారు బాలమ్మ మాత్రం శవం మొహంకేసి చాలాసేపు చూసింది. ఊరు చేరినవాళ్ళ మొహం తేటపడుతుంది. పైడమ్మది అలా లేదు. ఎవరో పిలుస్తారని చెవొగ్గి వింటున్నట్టు కనుబొమలు ముడిపడే ఉన్నాయి.

మరుసటి ఏడు ఆదినారాయణ అనే ముసలాయన్ని తీసుకెళ్ళాడు. దిబ్బ దగ్గర ముసలాయన ఉలిక్కిపడ్డాడు.

"అప్పయ్యా, ఇక్కడ ఎవరో ఆడమనిషి కూకుంది."

"ఎలా ఉంది?" అప్పయ్య ముసలాయన మీదికి వంగాడు.

"పసుపు సీర. ఒక సెవికే కమ్ముంది."

పైడమ్మ రెండో కమ్మ చెరకు తోటలో పోయింది. అదేదో ఆదినారాయణకి గుర్తుండి పలవరించాడు లెమ్మని అప్పయ్య సర్దిచెప్పుకున్నాడు. ఆర్నెల్ల తరవాత మహేబోర్గ్ నుంచి కబురొచ్చింది. అక్కడి జాలరి ఒకాయన చావుబతుకుల్లో ఉన్నాడు. పైడమ్మని ఎరగడు, ఆ కాంపు గుమ్మమైనా తొక్కలేదు. ఆయనా దిబ్బ దగ్గర అదే మాటన్నాడు. పసుపు చీర, ఒక చెవికే కమ్మ. ఆయన ఇంకోటి కూడా అన్నాడు.

"పాపం, పాదాలు రాయైపోనాయి బాబూ."

అప్పయ్యకి ఒళ్ళు జలదరించింది. కానీ ఆ జలదరింపు అడుగున, నిజం చెప్పొద్దూ, సంతోషం ఉంది. ఉందిగా! ఎక్కడో ఒకచోట కూర్చునైనా ఉందిగా! ఆ రోజునుంచి ఎవరు పిలిచినా కాదనలేదు. వకోవా ఊరికి వానలో తడుస్తూ వెళ్ళాడు. బండి తోలే రోజర్ ఛాతీ మీద శిలువ గీసుకుంటూనే ఆయన్ని ఊళ్ళకి చేర్చేవాడు. కొరంగీ జనమంతా "ఎంత ధర్మాత్ముడమ్మా" అని దండాలు పెట్టారు. అప్పయ్య మటుకు పోయేవాళ్ళ చెయ్యి పట్టుకుని దిబ్బదాకా ఆదరాబాదరాగా లాక్కెళ్ళి, అక్కడ వంగి వాళ్ళ చెవిలో అడిగేవాడు: "ఉందా? ఎలా ఉంది?"

"మోకాళ్ళదాకా రాయి," అన్నారొకరు. రెండేళ్ళకి "నడుందాకా," అన్నారు ఇంకొకరు. పేరు పెట్టి ఒక్క పిలుపు పిలిస్తే సరిపోయేది. పిలవలేదు. ప్రతిసారీ ఇంకొక్కసారి చూసుకుని, వచ్చేసారి పిలుద్దామనుకునేవాడు.

పంతొమ్మిదివందల పదకొండు తుఫాను కాలంలో బాలమ్మ మంచం పట్టింది. అల్లుణ్ణి పిలిపించింది. పట్టపగలే, కానీ మబ్బు కమ్మి గుడిసె మసకమసగ్గా ఉంది. కప్పు మీది చెరకాకు వానకి చప్పుడు చేస్తోంది. గుమ్మంలో కామిని కూర్చుంది, అప్పటికి పెళ్ళీడు దాటుతున్న పిల్ల.

"అల్లుడా, నా గుంటని, నా కూతుర్ని దారిలో ఒగ్గేసినావు కదూ?" అంది బాలమ్మ.

"అదేం మాటత్తా..."

"అబద్దమాడకు. దాని మొగం నాను సూసినాను. ఎనిమిదేళ్ళు నోరు మూసుకున్నాను. నడు, నన్ను తీసుకెల్లు. దాన్నీ నాతో పంపించు."

అప్పయ్య కాళ్ళు కడిగాడు. చెయ్యి పట్టుకున్నాడు. ముసలిది కాబట్టి మెట్ల దగ్గర ఆగుతూ, అరసవల్లిలో ఎండ కాచుకుంటూ, మెల్లగా వెళ్ళారు. దిబ్బ దగ్గరికి రాగానే బాలమ్మ మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారాయి.

"ఓలమ్మో, ఓలమ్మో... పీకదాకా రాయైపోనాదిరా! పెదాలు మాత్తరం ఉన్నాయి. పిలు!"

అప్పయ్య ఆవిడ చేతిని ఇంకా బిగించి పట్టుకున్నాడు.

"పిలుత్తావా, మొత్తం రాయి కానిత్తావా? నీకు పెళ్ళాం కావాలా, బొమ్మ కావాలా?"

ఆ మాట సూటిగా తగిలింది. "పైడమ్మా!" అన్నాడు అప్పయ్య. జీవితంలో మొదటిసారి. "పైడమ్మా, లే. ఊరొచ్చింది."

గుమ్మంలో ఉన్న కామిని ఆ పేరు విని తలెత్తింది. గుడిసెలో ఎవరో పొడుగ్గా నిట్టూర్చారు. బాలమ్మ కాదు, అప్పయ్యా కాదు. అప్పయ్య ఎడమచేతిలోకి ఇంకో చెయ్యి వచ్చింది. చెరకాకు కోసిన గాట్లు, అరచేతిలో కాయలు, ఆయన ఎరిగిన చెయ్యే. చన్నీళ్ళలోంచి అప్పుడే తీసినట్టుంది. ఆయన పక్కకి తిరిగి చూడలేదు, ధైర్యం చాలలేదు. రెండు చేతులూ పట్టుకుని గడపదాకా నడిపించాడు. గడప దగ్గర ముందు ఎడమచెయ్యి జారిపోయింది, తరవాత కుడిచెయ్యి. బాలమ్మ మొహం పసిపిల్ల మొహంలా తేటపడింది.

ఇక వెనక్కి రావాలి. మొదటి మజిలీ శాలిహుండం. అప్పయ్యకి కళ్ళు కనపడటం లేదు, ఏడుపు. రాతిమనిషి పక్కన పైడమ్మ కూర్చున్న చోటు ఖాళీగా ఉంది. చెయ్యి ఆనించాడు. ఇంకా వెచ్చగా ఉంది. ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం అనుకుని అందులో కూర్చున్నాడు.

"నాయనా! నాయనా!" కామిని భుజం పట్టి కుదుపుతోంది. "ఏమైంది, మధ్యలో ఆగిపోయావు?"

కళ్ళు తెరిచాడు. గుడిసె, వాన, అత్తగారి శవం. వచ్చేశాననుకున్నాడు. గబగబా మిగతా మజిలీలు చెప్పేసి కాళ్ళు కడుక్కున్నాడు. నీళ్ళు పాదాలకి తగిలినట్టే అనిపించలేదు. తిమ్మిరెక్కాయి కాబోలనుకున్నాడు.

నాలుగేళ్ళ తరవాత నరసింహులు అనే గుడి పూజారిని తీసుకెళ్ళాడు. ఇప్పుడు అడగాల్సిందేమీ లేదు. అయినా అలవాటు చొప్పున, దిబ్బ దగ్గర నోరు జారింది. "ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నాడు," అన్నాడు పూజారి. "అప్పయ్యా, నువ్వే. కళ్ళు మూసుకుని కూర్చున్నావు. మోకాళ్ళదాకా రాయి."

అప్పయ్య కిందికి చూసుకున్నాడు. తన కాళ్ళు తనవే, నల్లగా, మట్టి కొట్టుకుని ఉన్నాయి. కానీ ఆ మధ్య ముల్లు దిగితే తెలియడం లేదు. పూజారిని ఎలాగో గడప చేర్చి ఇంటికొచ్చాడు. ఆ సాయంత్రమే కామినిని కూర్చోబెట్టి దారి నేర్పడం మొదలుపెట్టాడు.

"నాకెందుకు నాయనా? ఇది మన ఇంట్లో ఒకరి తరవాత ఒకరు చేయాల్సిందేనా?"

"ఎవరో ఒకరు నన్ను పిలవాలమ్మా," అన్నాడు. మళ్ళీ, సిగ్గుపడుతూ, "పేరు పెట్టి," అన్నాడు.

కామిని బుగ్గలు నొక్కుకుంది. కన్నతండ్రిని పేరు పెట్టి పిలవడమా! మా కాంపుల్లో ఆ పని చేసిన ఆడపిల్ల అప్పటికి లేదు.

పంతొమ్మిదివందల ఇరవైనాలుగులో, కోతలు అయిపోయిన వారానికి, అప్పయ్యకి నడుం పైదాకా స్పర్శ పోయింది. పొద్దున్నే, బయట వాన పడుతుండగా, కామిని ఆయన కాళ్ళు కడిగింది, చెయ్యి పట్టుకుంది. నడిపించడం ఆయనకి తెలుసు, నడవడం ఇదే మొదలు. సంపెంగ వాసన వచ్చింది, నిజంగానే వచ్చింది. ఇన్నేళ్ళూ తను చెప్పింది అబద్ధం కాదన్నమాట! ఎర్రమట్టి దిబ్బలు చూశాడు. తాబేళ్ళకి ఆకులు పెట్టాడు. దీపస్తంభం కింద నిలబడి, అవతల ఎక్కడో మారిషస్ ఉన్న ఆ సముద్రాన్ని ఆఖరిసారి చూశాడు.

తరవాత ఇటుకల దిబ్బ. అక్కడ తనని తాను చూశాడు. రాతిమనిషి పక్కన గడ్డందాకా రాయైపోయి, పదమూడేళ్ళ దుమ్ము తల మీద మోస్తున్న అప్పయ్య. వెళ్ళి అందులో కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

చల్లగా ఉంది. పక్కన రాతిమనిషి ఊపిరి తీస్తున్నాడు, పొడుగ్గా, తొందరేమీ లేకుండా. చలి పెదాలమీదికి పాకుతోంది. దూరంగా, వానలోంచి కామిని గొంతు వినిపించింది.

"నాయనా."

లేవలేకపోయాడు.

"నాయనా, లే..." ఆపై మాట రాలేదు. చెయ్యి వదులవుతోంది. మళ్ళీ బిగిసింది. ఆ పిల్ల నోరు ఎందుకు పెగలడం లేదో అప్పయ్యకి తెలిసినంతగా ఈ లోకంలో ఎవరికీ తెలియదు. పిలిస్తే లేస్తాడు, లేస్తే ఊరొస్తుంది. తనలాగే అదీ వదిలేసి వెళ్ళిపోతుంది. ఎవరెవరి చెవిలోనో వంగి "ఉన్నాడా, ఎలా ఉన్నాడు" అని అడుగుతూ ముసలిదైపోతుంది. వద్దమ్మా అని అరవాలనుకున్నాడు. పెదాలు కదల్లేదు.

వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు చాలాసేపు.

"అప్పయ్యా!"

ఏడుస్తూ, తిట్టినట్టుగా, తోటలో ఎవరో కూలీని కేకేసినట్టుగా పిలిచింది కన్నకూతురు.

"అప్పయ్యా, లే! ఊరొచ్చింది!"

అప్పయ్య లేచాడు.