మెడలోతు నీళ్లలో మాస్టారి శిష్యురాళ్లు

కలకత్తా బేహాలా వెనక సందుల్లో, క్లబ్బు చెరువులో నిరాపద హాజరా జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ ఈత నేర్పుతున్నాడు. అక్కడి తల్లుల కోరిక ఒక్కటే: పిల్లలకు ఈత రావాలి, కానీ తడవకూడదు. పిల్లాడు నీళ్లలోంచి తలెత్తడమే ఆలస్యం, మెట్ల మీంచి తువ్వాలు, కోతిటోపీ, వేడిపాలు ఒక్కసారిగా దండెత్తుతాయి. మిగతా సమయమంతా ఆ మెట్ల మీద కబుర్లే. ఆ కబుర్ల కోసం, ఈత వచ్చేసిన పిల్లల్ని కూడా ఏటా మళ్లీ చేర్పించేవారు.

ఈ ఏడు క్లబ్బు సెక్రటరీ వికాస్ కుండూ ఆయనకు సన్మానం చేశాడు. శాలువా కప్పి, సందేశ్ మిఠాయి పెట్టె చేతిలో పెట్టి, మైకు అందుకున్నాడు.

"మన నిరాపద దాదా సేవకు గుర్తుగా, చెరువులో లోతులేని సగాన్ని పూడ్చి, ఆయన పేరున క్యారమ్స్ హాలు కట్టిస్తున్నాం!"

చప్పట్లు మోగాయి. నిరాపద చెరువువైపు చూశాడు. లోతులేని సగం పోతే కొత్త పిల్లలు కాలు పెట్టేదెక్కడ? తన పేరుతోనే తన బతుకును పూడ్చేస్తున్నారు. ఆయన తిన్నగా, తాను బౌదీ అని, అంటే వదినా అని పిలిచే సెక్రటరీ భార్య షెఫాలీ దగ్గరికి వెళ్లాడు.

"బౌదీ, మట్టి పడితే మీ మెట్లు కూడా పోతాయి."

"అయ్యో! మరి మేం కూర్చునేదెక్కడ?"

"నీళ్లలో మనుషులుంటే మట్టెలా పోస్తారు? రేపు పొద్దున్నే మీ అందరికీ మొదటి పాఠం."

"మాకా? జలుబు చెయ్యదూ?"

"జలుబు వారంలో పోతుంది బౌదీ. మెట్లు పోతే మళ్లీ రావు."

మర్నాడు మట్టిలారీ వచ్చేసరికి ఆడవాళ్లంతా లోతులేని సగం చివర, మెడలోతు నీళ్లలో, నెత్తిన కోతిటోపీలతో నిలబడి ఉన్నారు.

"షెఫాలీ! ఏమిటా వేషం? జబ్బు చేస్తుంది, బయటికి రా!" అని అరిచాడు కుండూ.

"రాను. పొయ్యండి, నా నెత్తినే పొయ్యండి మట్టి! మధ్యాహ్నం చేపల పులుసు మీ క్యారమ్స్ హాలు వండి పెడుతుంది!"

లారీ వెనక్కి తిరిగింది. కుండూ మాత్రం, "పాఠాలయ్యాక చూస్తాలే" అని గొణుక్కుంటూ వెళ్లాడు.

అప్పట్నుంచీ పాఠాలు నడుస్తూనే ఉన్నాయి. పక్కన చిన్నపిల్లలు కాళ్లు టపటపా కొడుతూ ఈత నేర్చుకుంటున్నారు. తల్లులు వెదురుగడ పట్టుకుని, అత్తల సంగతులూ పులస ధరలూ మాట్లాడుకుంటున్నారు. "కాళ్లెత్తండమ్మా" అని ఆయన అంటే, "ఉండండి దాదా, అసలు సంగతి ఇప్పుడే వస్తోంది" అంటారు.

ఒకరోజు మాటల్లో పడి షెఫాలీ గడ వదిలేసింది. కాళ్లు వాటంతటవే పైకి లేచాయి.

"దాదా, తేలుతున్నాను! నాకు వచ్చేసిందా?"

నిరాపద ఒళ్లు పులకరించింది. ఆ వెంటనే చప్పున గట్టువైపు చూశాడు. కుండూ వేపపుల్ల నములుతూ అక్కడే నిలబడి ఉన్నాడు.

"అబ్బే, ఎక్కడొచ్చింది బౌదీ!" అన్నాడు మాస్టారు. "కాళ్లు దించండి. మళ్లీ మొదట్నుంచి."