చెంచాలో నాలుగు చుక్కలు

పోయినవేమిటో ముందే చెప్పేస్తాను. నాలుగు చుక్కల నూనె, ఒక రాత్రి నిద్ర, సగం రోజు డ్యూటీ, మా బావమరిది దగ్గర ఉన్న కాస్త పరువు. మొదటి మూడింటికీ బాధ లేదు. నాలుగోది తలుచుకుంటేనే చిర్రెత్తుకొస్తుంది.

దయ్యాలు, ఆత్మలు నాకు పట్టవు. ఏడో తరగతితో బడి మానేసినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. లింబాయత్‌లో మా మరమగ్గాల షెడ్డులో ఎవరు ఎన్ని మీటర్లు నేశారో రాసేది నేనే. కొలవలేనిదాన్ని నమ్మే అలవాటు లేదు.

ఇరవై ఎనిమిదేళ్ళు ఆ మగ్గాల, మా మాటలో సాంచాల, దగ్గర నిలబడి నా కుడి భుజం పాడైంది. నొప్పికి నిద్ర రాదు. పోనీ మందు వేసుకుందామంటే నాది వింత ఒళ్ళు. జలుబు మాత్ర సగం వేసుకున్నా మర్నాడు మధ్యాహ్నం దాకా తల తిరుగుతుంది. ఒక శివరాత్రికి ఎవరో ఇచ్చిన భంగు అర గ్లాసు తాగి, గుండె దడతో తెల్లవార్లూ ఆసుపత్రిలో ఉన్నాను. అందుకే ఆయుర్వేద డాక్టరమ్మ 'విజయ' నూనె, అంటే గంజాయి ఆకు నూనె, రాస్తానన్నప్పుడు లేచి వచ్చేయబోయాను.

ఆమె కూర్చోబెట్టి చెప్పింది. అందులో మత్తెక్కించే టీహెచ్‌సీ ఒక పాలైతే, మత్తు ఇవ్వని సీబీడీ ఇరవై పాళ్ళట. నాలాంటివాళ్ళు ఒక్క చుక్కతో మొదలుపెట్టాలి, వారం దాకా పెంచకూడదు, వేసుకున్నాక బండి నడపకూడదు, సాంచా ముట్టకూడదు. నా బీపీ మాత్ర పేరు కూడా అడిగి, రెండూ కలిస్తే కళ్ళు తిరగవచ్చు, బీపీ చూసుకుంటూ ఉండమంది.

అన్నీ పాటించాను. రోజూ రాత్రి ఎనిమిదికి, తిన్న తర్వాత. చుక్కలు, నిద్ర గంటలు, బీపీ, అన్నీ నోటుబుక్కులో. ఐదో వారానికి నాలుగు చుక్కలు, ఐదు గంటల నిద్ర. అన్నాళ్ళలో వింత కల ఒక్కటి కూడా రాలేదు.

సీసా అయిపోతే కొత్తది తెచ్చాను. అదే సైజు, అదే ఆకుపచ్చ మూత. ఎనిమిదికి ట్యూబులైటు కింద కూర్చుని చెంచాలోకి నాలుగు చుక్కలు లెక్కపెట్టి, నోటి దాకా తెచ్చాను.

గుమ్మంలో ఒక చెయ్యి కనిపించింది. అరచెయ్యి బోర్లా తిరిగి రెండుసార్లు కిందికి ఆడింది.

సాంచాల మోతలో మాట వినపడదు. షెడ్డులో సైగలతోనే మాట్లాడుకుంటాం. ఆ సైగకు అర్థం: పోగు తెగింది, ఆపు. అది చూస్తే ఆలోచించే పని లేదు, చెయ్యి దానంతటదే ఆగిపోతుంది. ఆగిపోయింది. చెంచా జారి నూనె నేలపాలైంది.

గుమ్మంలోని చేతికి చూపుడు వేలు, మధ్య వేలు కొసలు లేవు. నాకు పని నేర్పిన మా మామ చెయ్యి అలా ఉండేది. ఆయన పోయి మూడేళ్ళు.

బయటికి వెళ్ళి చూశాను. వరండా ఖాళీ, మెట్ల మీద ఎవరూ లేరు. తిరిగి వస్తే, మా ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి గుమ్మం వైపే చూస్తోంది.

"అచ్చం నాయన చెయ్యి లెక్కనే ఉండె గదా," అంది.

తను ఆ నూనె వాసన కూడా చూడదు.

అప్పుడు సీసా తిప్పి చదివాను. ఒకటికి ఒకటి. టీహెచ్‌సీ, సీబీడీ సమానం. దుకాణంలో వేరే రకం ఇచ్చారు, నేను చూసుకోలేదు. అన్నీ తెల్ల దారం కోన్లే కదా అని లాట్ నంబరు చూడకుండా ఎక్కిస్తే అద్దకంలో చారలొస్తాయని, ఏళ్ళ తరబడి షెడ్డులో అందరినీ తిట్టేది నేనే! చుక్కలు లెక్కపెట్టాను గానీ పాళ్ళు చదవలేదు.

ఆదివారం కోసాడ్ నుంచి బావమరిది వచ్చాడు. విషయం చెబితే పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏంది బావా, గంజాయి నూనె తాగుడు, మా నాయనను జూసుడు! జర నాకు గూడ రెండు చుక్కలెయ్యి, ఆయన్ని ఒక మాట అడిగేదుంది."

"ఆ పొద్దు నేను తాగనే లేదురా!"

"తాగినోళ్ళందరు గట్లనే అంటరు."

నోటుబుక్కు తెచ్చి ముందు పెట్టాను. అంతకుముందు వేసుకున్న చుక్కలకూ ఆ చేతికీ మధ్య ఇరవై నాలుగు గంటలు. అతను పేజీ వైపు కూడా చూడలేదు. మీ అక్క కూడా చూసింది కదా అంటే, "అక్కకు నీ గాలి సోకింది తియ్యి," అన్నాడు. అతని నోటి నుంచి పాకి, మర్నాటి నుంచి షెడ్డులో అందరిదీ ఒకటే పలకరింపు: ఎన్ని చుక్కలు?

డాక్టరమ్మ దగ్గరికి మాత్రం చెయ్యి కనిపించిన మర్నాడే వెళ్ళాను. సీసా చూసి ఆమె ముఖం మారిపోయింది. దుకాణానికి ఫోను చేసి మార్పించింది. నా ఒంటికి ఇది నాలుగు చుక్కలు పడి ఉంటే మళ్ళీ ఆసుపత్రేనంది. సీసా మారిన ప్రతిసారీ పాళ్ళు చదివాకే మూత తియ్యమంది. ఎందుకు ఆగారని అడిగితే, జరిగింది చెప్పాను.

నవ్వలేదు. అప్పటికి ఎన్ని చుక్కలు వేసుకున్నారని అడిగింది. సున్నా అన్నాను. అది కాగితం మీద రాసుకుని, కింద రెండు గీతలు గీసింది.

ఇప్పుడు సరైన సీసా వాడుతున్నాను. నాలుగు చుక్కలకు ఐదు గంటల నిద్ర, ఆ లెక్క కుదురుతోంది. సున్నా చుక్కలకు ఆ చెయ్యి ఎలా కనిపించిందో, ఈ రోజుకీ తేలలేదు.