టీచరుగారి మీద నేను పెట్టిన హెడ్డింగు

ఏలూరులో పేపరుకి జిల్లా పేజీ చూసే రోజుల్లో మాకొక అలవాటు ఉండేది. కాలో చెయ్యో చూపో లేని మనిషి గురించి రాస్తే హెడ్డింగు 'విధి'తో మొదలయ్యేది. అలా రాయమని ఎవరూ చెప్పలేదు. అందరం అలాగే రాసేవాళ్లం.

ఒకసారి కొల్లేరు లంక ఊళ్లో ఒక టీచరుగారి గురించి రాయడానికి వెళ్లాను. పుట్టుకతోనే ఆవిడ ఎడమ చెయ్యి మోచేతి వరకే ఉంది. ఏటా బడి తెరిచిన రోజు ఆవిడ పాఠం చెప్పేవారు కాదు. "ఏమడగాలనుంటే అది అడగండర్రా," అనేవారు. ఆ ఏడు నేనూ వెనక బల్ల మీద కూర్చుని విన్నాను.

"నొప్పెడుతుందాండీ?"

"ఊరికే పెట్టదు. నువ్వు గిల్లితే పెడుతుంది."

"గాజులెలా కొంటారండీ?"

"అర డజనే ఇమ్మంటాను. కొట్టాయన గొణుగుతాడు."

పిల్లలు నవ్వారు. ఓ పిల్ల లేచి వచ్చి ఆ చేతి చివర ముట్టుకుని చూసి, వెళ్లి కూర్చుంది. తర్వాత లెక్కలు మొదలయ్యాయి.

ఆవిడ నేర్పుతున్నదేమిటో నాకు అర్థమైంది. అయినా ఆఫీసుకొచ్చి 'విధి వెక్కిరించినా వెరవని టీచరమ్మ' అని పెట్టాను. గాజుల మాట తీసేశాను. నవ్వొస్తే జాలి తగ్గుతుందనుకున్నాను.

వారానికి ఆవిడ ఫోన్ చేశారు.

"ఏవండీ, విధి నన్నెప్పుడు వెక్కిరించిందండీ? నాకు తెలియనే లేదు."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"మీ పేపరు ఇళ్లల్లో చదివి వినిపించారటండి. ఇప్పుడు పిల్లలు నన్నేమీ అడగట్లేదు. సుద్దముక్క జారితే నలుగురు పరిగెత్తుకొస్తున్నారు. ఆ రోజు చెయ్యి ముట్టుకుందే, ఆ పిల్ల నా వంక చూడటమే మానేసింది. మీరొకసారి వచ్చి, అవి మీ మాటలే గానీ నావి కాదని చెప్పండి."

సోమవారం వస్తానన్నాను. ఆ సోమవారం కొల్లేట్లో అధికారులు చేపల చెరువుల గట్లు కొట్టేస్తున్నారని కబురొచ్చింది. ఆ బడి ముందునుంచే వెళ్లాను, ఆగలేదు. తిరిగొచ్చేసరికి బడి వదిలేశారు. ఆ తర్వాత ఏడాది పొడుగునా ఏదో ఒక వార్త. వేసవి సెలవుల్లో ఆవిడకు తాడేపల్లిగూడెం బదిలీ అయింది.

మార్కెట్ యార్డు పని మీద గూడెం వెళ్లినప్పుడు బస్టాండులో కనిపించారు. ముందు ఆవిడే పలకరించారు.

"ఇక్కడి పిల్లలు బాగా అడిగారాండీ?" అన్నాను.

"లేదండి. మొదటి రోజు ప్రార్థనలోనే హెడ్మాస్టరుగారు మీ కటింగు చదివేశారు. పాపం, ఎంతో గౌరవంగానే చదివారు."

బస్సొచ్చింది. రద్దీగా ఉంది. ఆవిడకు సీటిప్పించమని కండక్టరుకు చెప్పబోయి, ఆగిపోయాను.