ఫైబర్ రేకుల మీద వెండిరంగు

కడియం అవతల, కాలవ పక్కన ఒక రైస్ మిల్లు. దాని పైకప్పు మీద సోలార్ పలకలు బిగించే పనికి మా కంపెనీ నన్ను సైట్ ఇంజనీరుగా పంపింది. బిగించేవాళ్లందరూ మగవాళ్లు. మధ్యాహ్నం బాయిలర్ షెడ్డు నీడలో చేరి తినేవారు. నేను అటు వెళ్తే మాటలు ఆగిపోయేవి. అందుకని మిల్లు లోపల, ఊక బస్తాల వెనక నాకంటూ ఒక చోటు చూసుకున్నాను. పైన ఇనపరేకుల మధ్య వెలుతురు కోసం అక్కడక్కడ ఫైబర్ రేకులు వేశారు. వాటిలో ఒకటి సరిగ్గా ఆ చోటికి పైనే ఉండేది. నేలమీద చాపంత వెలుగు పడేది. క్యారేజీ పక్కన పెట్టుకుని ఆ వెలుగులో చదువుకునేదాన్ని. సాయంత్రం గదిలో పుస్తకం విప్పితే పేజీల మధ్య నుంచి తవుడు రాలేది.

ఆ రేకులంటే నాకు ఎంత ఇష్టమో అంత భయం. ఏళ్ల తరబడి ఎండకి పెళుసుబారిపోయాయి. ఇనపరేకు మనిషిని మోస్తుంది, ఇవి మోయవు. కాలు పెడితే సరాసరి కింద తిరిగే మిషన్ల మీదికే. అందుకే పని మొదలుపెట్టగానే ప్రతి ఫైబర్ రేకు మీదా ఎర్రరంగుతో పెద్ద ఇంటూ గుర్తు వేయించాను. పలకలన్నీ వాటికి దూరంగా బిగించాం. నడవడానికి ఇనప జాలీతో సన్నటి దారి వేసి, నడుం బెల్టు కొక్కెం తగిలించుకోవడానికి దాని వెంట తాడు కట్టాం. రేకుల మీద వలలు కప్పాలని ఆఫీసుకి రాశాను. వలలు ఇంకా రాలేదు.

ప్రారంభోత్సవం రోజు పొద్దున్నే వచ్చి, బ్యాగు పెట్టుకోవడానికి బస్తాల వెనక్కి వెళ్లాను. చీకటి. మబ్బు పట్టిందేమో అనుకుని బయటికి వచ్చాను. ఎండ ఫెళ్లున కాస్తోంది. నిచ్చెనెక్కి చూస్తే, పలకలు తప్ప పైకప్పంతా ఈ చివర నుంచి ఆ చివరికి వెండిరంగులో మెరిసిపోతోంది. నా గుర్తు ఒక్కటీ లేదు. ఏది ఇనుమో ఏది ఫైబరో తేడా లేదు.

"నిన్న సాయంత్రం మీరెళ్లాక కొట్టించేశానండి," అన్నారు మిల్లు గుమాస్తాగారు కింద నుంచి, మెప్పు కోసం చూస్తూ. "ఆ ఇంటూలేంటండి మేడం, రోడ్డు వెడల్పుకి కొట్టేసే ఇళ్లకి పెట్టినట్టు! అయ్యగారు పైన ఫోటోలు తీయిస్తారు కదా."

"రంగు వేసినవాళ్లు ఎక్కడ నడిచారండి?"

"నడవడమేంటండి, మీరేసిన దారి మీద నిలబడి పిచికారీ కొట్టారు. మేమేవన్నా పిచ్చోళ్లమా?"

ఇంతలో కార్లు వచ్చేశాయి. ఓనరుగారు, వాళ్ల మేనత్తగారు, చుట్టాలు, పంతులుగారు. పసుపు కుంకుమల పళ్లేలతో అందరూ నిచ్చెన వైపు నడిచారు. పైకెక్కి పలకలకి బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టాలని వాళ్ల ఉద్దేశం. ఆ సన్నదారి మీద అంతమంది పట్టరు. ఫోటో కోసం తప్పకుండా పక్కకి జరుగుతారు.

ఫోన్లో మాట్లాడాలన్నా ముందు మనసులో రెండుసార్లు అనుకునేదాన్ని. ఆ పూట అంత వ్యవధి లేదు. నిచ్చెన రెండు కమ్మీలూ పట్టుకుని అడ్డంగా నిలబడ్డాను.

"పైకి వద్దండి," అన్నాను.

"ఏంటమ్మా, గొణుగుతున్నావ్?" అన్నారు ఓనరుగారు.

"మాటలు కూడా రేషన్‌లో ఇస్తుందిరా ఈ పిల్ల!" అన్నారు మేనత్తగారు. అందరూ నవ్వారు.

"ఫైబర్ రేకులు కనపడట్లేదండి. ఎవరో ఒకరు పడిపోతారు."

నవ్వు ఠక్కున ఆగింది. మేనత్తగారు చేతిలో పళ్లెం దగ్గరికి లాక్కున్నారు. "శుభమా అని పూజ చేసుకుంటుంటే పడిపోతారని నోటితో అంటావుటే?"

ఓనరుగారి ముఖం ఎర్రబడింది. "ఈ మిల్లు కట్టించింది నేనమ్మా. నా రేకులు నాకు తెలీవా? జరుగు."

"అయితే లోపలికొచ్చి ఒక్కసారి చూపించండి. ఎక్కడెక్కడున్నాయో." అది నా గొంతేనా అనిపించింది.

ఆయన విసురుగా లోపలికి నడిచారు. నేను వెనకే వెళ్లాను. ఆయన తల పైకెత్తి, వేలు చాపి, "అదిగో..." అన్నారు. వేలు పక్కకి జరిగింది. మళ్లీ ఇటు జరిగింది. పైన అంతా ఒకటే నలుపు. కాసేపటికి చెయ్యి దించేశారు.

బయటికి వచ్చి, "పంతులుగారూ, పైన ఎండ మండిపోతోంది. కిందే కానిద్దాం," అన్నారు.

ఇన్వర్టర్ల ముందు పూజ జరిగింది. స్విచ్ వేశాక తెర మీద అంకెలు వెలిగితే చప్పట్లు కొట్టారు. ఫోటోకి నన్నెవరూ పిలవలేదు. ఎవరూ పడలేదు కాబట్టి, వాళ్లకి గుర్తుండేది నేనన్న ఆ ఒక్క మాటే.

భోజనాలకి కూర్చున్నప్పుడు నేను పైకప్పు డ్రాయింగూ టేపూ రంగు డబ్బా తీసుకుని పైకెక్కాను. ఇనపదారి మీద బోర్లా పడుకుని, కొలుచుకుంటూ మళ్లీ గుర్తులు వేయడం మొదలుపెట్టాను. దారి నుంచి అందని వాటికి కర్రకి బ్రష్ కట్టుకున్నాను. రేకుల వేడి చొక్కా దాటి వంటికి తగులుతోంది. కింద నుంచి పులిహోర వాసన, మేనత్తగారి గొంతు. "ఆ నోరు చూడు, మంచిరోజూ చెడ్డరోజూ తెలీదు!"

కాసేపటికి నిచ్చెన కదిలింది. ఓనరుగారు సగం దాకా ఎక్కి ఆగారు. నేను వేసిన గుర్తుల వైపు చూశారు. తర్వాత వెనక్కి తిరిగి, కింద ఎవరైనా ఉన్నారేమోనని చూసుకున్నారు.

"కొంచెం పెద్దవి వెయ్యమ్మా," అన్నారు గొంతు తగ్గించి. దిగిపోయారు.

బెల్టు కొక్కెం తాడు మీద ముందుకి జరుపుకుని, తర్వాతి రేకు వైపు పాకాను. కింద ఎవరో మజ్జిగ అడుగుతున్నారు.