కాంపౌండరు గారి చావు ప్రసంగానికి ఆమోదం

1974లో వానలు మొదలవుతున్న రోజుల్లో నన్ను అరకు లోయలోని ఒక చిన్న సంఘానికి ఉపదేశిగా వేశారు. మా మిషన్‌లో ఉపదేశి అంటే పాస్టరు కన్నా ఒక మెట్టు కింద. బాప్తిస్మం ఇవ్వకూడదు, పెళ్ళి చేయకూడదు. భూస్థాపన మాత్రం చేయవచ్చు. పాస్టరు గారు మైదానం నుంచి ఎప్పుడో గాని కొండెక్కేవారు కాదు. చనిపోయేవాళ్ళు ఆయన వచ్చే రోజు చూసుకుని పోరు కనుక ఆ ఒక్క అధికారం మాకు వదిలేశారు.

దానికి శిక్షణ ఉండేది. బైబిల్ స్కూలులో ఇమ్మానుయేలు మాస్టారు ఒక పొడుగాటి బల్లను శవపెట్టె అనుకోమని, దాని మీద వంతులవారీగా ఒక విద్యార్థిని పడుకోబెట్టి నేర్పేవారు. పెట్టె ముందు నడిచేవాడు వెనక మోసేవాళ్ళ ఊపిరిని బట్టి అడుగు వేయాలి. ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన ఆడవాళ్ళకు కూడా అందేంత కింది శ్రుతిలో పాట ఎత్తాలి. తలవైపు వాళ్ళు, కాళ్ళవైపు వాళ్ళు ఒకేసారి తాళ్ళు వదిలేలా చూడాలి. ఇంటివాళ్ళెవరైనా గోతిలోకి దూకబోతే పట్టుకునేదెవరో ముందే చెప్పి ఉంచాలి. ప్రసంగానికి విశేషణాలు కూడా తయారుగా ఉండేవి. మగవాడైతే ప్రార్థనాపరుడు, శాంతమూర్తి, సంఘానికి మూలస్తంభం. ఆడమనిషైతే భక్తురాలు, సహనశీలి. పేరు మారిస్తే చాలు. ప్రసంగంలో నాకు క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులు వచ్చాయి. శవంగా మాత్రం తప్పాను. పాట మధ్యలో నవ్వానట.

నా మొదటి భూస్థాపన దేవదానం గారిది. ఒకప్పుడు ఫారెస్టు గార్డు. ఊళ్ళో ఆయనతో తగవు పడనివాళ్ళు లేరు. నేను విశేషణాలతో ఇంటికి వెళ్ళేసరికి ఆయన భార్య సుందరమ్మ నన్ను పక్కకు పిలిచింది.

“ఉపదేశిబాబూ, మా ఆయన్ని శాంతమూర్తని సెప్పకండి. ఊరు ఊరంతా ఆయన సేత తిట్లు తిన్నోల్లే. అక్కడ నవ్వారంటే నా పరువు పోద్ది.”

అందుకని విశేషణాలు మానేసి, నలుగురినీ అడిగి తెలుసుకున్నది చెప్పాను. దేవదానం గారికి కోపం ఎక్కువ, తిట్టిన ఇంట్లోనే ఎవరికైనా జ్వరం వస్తే కషాయం కాచి తెచ్చేవారు, అది తాగేదాకా గుమ్మంలో నిలబడి మళ్ళీ తిట్టేవారు అన్నాను. జనం తలలూపారు. సుందరమ్మ కళ్ళు తుడుచుకుంది. విజయనగరం నుంచి వచ్చిన ఆయన తమ్ముడు మాత్రం తల ఊపలేదు. ఆయన ఒక ఆఫీసులో హెడ్ క్లర్కు. తిరిగి వెళ్ళగానే మిషన్ ఆఫీసుకు ఫిర్యాదు రాశాడు.

దాని ఫలితంగా సర్క్యులర్ వచ్చింది. ఇకమీదట ఉపదేశులు భూస్థాపన ప్రసంగాన్ని రెండు ప్రతులలో ముందుగా పంపి, మిషన్ సూపరింటెండెంటు గారి ఆమోదం పొందిన తరువాతే చదవాలి. ముందుగా అంటే దేనికి ముందుగానో అందులో లేదు.

శ్రావణంలో మార్తమ్మ అనే ముసలావిడ పోయింది. ఘాట్ రోడ్డు మీద కొండచరియ పడి టపా ఆగిపోయింది. ఆమోదం తెప్పించడం కాదు కదా, అడగడానికే దారి లేదు. గోతిలో ఊరుతున్న నీళ్ళు తోడించి, ప్రార్థన చదివి, పాట పాడి, ప్రసంగం లేకుండా ముగించాను. తిరిగి వస్తుంటే ఆమె కొడుకు నా పక్కన నడుస్తూ అన్నాడు. “మా యమ్మ గురించి ఒక్క ముక్క మాటాడలేదు. దిక్కులేనిదాన్ని పూడ్సినట్టు పూడ్సేసినావు బాబూ.” ఆ తరువాత చాలాకాలం ఆ ఇంటివాళ్ళు గుడికి రాలేదు. ఆ సంగతి ఆఫీసుకు రాస్తే, లోపం నిబంధనలో లేదు, మీ ముందుచూపులో ఉంది అని జవాబు వచ్చింది.

ఆ జవాబును అక్షరాలా తీసుకున్నవారు ఏసుపాదం గారు. ప్రభుత్వాసుపత్రిలో కాంపౌండరుగా రిటైరై అక్కడే స్థిరపడ్డారు. మా సంఘపెద్దలలో ఆయనే పెద్ద. ఆయాసం మనిషి.

“ముందుగా పంపమన్నారు కదా, నాది ఇప్పుడే పంపేద్దాం” అన్నారు. “ఈ వానలకి నాను పోతే నన్నూ మూగగా పూడ్సేత్తావు.”

వేళాకోళం అనుకున్నాను. కాదు. కూర్చుని రాయించారు. మందు ఎప్పుడూ తప్పుగా ఇవ్వలేదని నేను రాస్తే, “ఎప్పుడూ అనకు. తెలిసి ఇవ్వలేదని రాయి” అని దిద్దించారు. వంటగదిలోంచి ఆయన భార్య రాహేలమ్మ, “నన్ను ఒక్కనాడూ కసరలేదని రాయించీగలరు, నాను గోడవతలే ఉన్నాను” అంది. ఆ వాక్యం కొట్టేశాం.

ప్రసంగం వెనక్కి వచ్చింది. అభ్యంతరం: మరణించిన తేదీ పేర్కొనలేదు. అది ఇంకా తెలియదని రాశాను. ఖాళీ వదిలి తిరిగి సమర్పించవలెనని ఆదేశించారు. సమర్పించాను. చివరికి ఊదారంగు ముద్రతో ఆమోదం వచ్చింది. దానితోపాటు రాహేలమ్మ పేర సంతాప లేఖ, సంఘపెద్దల పట్టీలోంచి దివంగత ఏసుపాదం గారి పేరు తొలగించి మరొకరిని నియమించుకోవలసిందిగా ఉత్తర్వు కూడా వచ్చాయి.

“ఏటి బాబూ ఇది” అంది రాహేలమ్మ లేఖ పట్టుకుని. “ఆయన పెరట్లో కట్టెలు కొడతన్నారు. మీ ఆపీసోల్లు నన్ను విధవని సేసేసినారు.”

కాంపౌండరు గారు పడీపడీ నవ్వారు. సంతకు పోయి అందరికీ లేఖ చూపించారు. కాని తరువాతి పెద్దల కూడికలో పాస్టరు గారు పట్టీ చదివినప్పుడు ఆయన పేరు రాలేదు. ఆ కుర్చీలో మరొకాయన కూర్చున్నాడు. గుడి తాళంచెవి కూడా అప్పగించమన్నారు. అప్పుడు నవ్వు పోయింది. ఆ తాళం ఆయనే కొని, తన చేతులతో వేసింది.

“గవర్నమెంటోల్లు పింఛను కోసం ఏటా బతికున్నావా అని అడుగుతారు. మీరు అడక్కుండానే సంపేసినారు” అన్నారు పాస్టరు గారితో. పాస్టరు గారు తలవంచుకుని, ఉత్తర్వు పైనుంచి వచ్చిందన్నారు. మా పైన సూపరింటెండెంటే కనుక అది నిజమే. ఆ వారం కాంపౌండరు గారు గుడికి వచ్చి చివరి బల్ల మీద కూర్చున్నారు. అలా కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు.

చలికాలంలో మిషన్ మహాసభ మా ఊళ్ళో జరిగింది. సూపరింటెండెంటు గారు స్వయంగా వచ్చారు. సభ మొదట్లో ఆ ఏడు చనిపోయిన సంఘపెద్దల పేర్లు చదివి, మౌనంగా నిలబడడం ఆచారం. ఆయన కాగితం చూసి “కీర్తిశేషులు ఏసుపాదం గారు” అని చదివారు. అందరం లేచాం. కాంపౌండరు గారు కూడా లేచారు. తెల్లకోటు వేసుకుని ముందువరసలో తలవంచి నిలబడ్డారు. మౌనం మధ్యలో ఆయనకు దగ్గు తెర వచ్చింది. అది ఎంతకీ ఆగలేదు.

“ఎవరండీ అది? కాస్సేపు ఆపుకోలేరా?” అన్నారు సూపరింటెండెంటు గారు.

“నానేనండి, ఏసుపాదాన్ని” అన్నారు కాంపౌండరు గారు. “మీరు కానివ్వండి.”

ఆ రోజు సభలో మరో మౌనం పాటించవలసి వచ్చింది. అది ఎవరూ ప్రకటించలేదు.

అమలులో ఎదురైన ఇబ్బందుల దృష్ట్యా సర్క్యులర్ రద్దయింది. అయితే చనిపోయినట్టు నమోదైన సభ్యుణ్ణి తిరిగి చేర్చుకునే నిబంధన లేదట. ఆయన్ని కొత్త సభ్యుడిగా చేర్చుకుని, మళ్ళీ పెద్దగా ఎన్నుకున్నాం. తాళంచెవి నేనే ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయన దాన్ని కండువా కొసకు ముడి వేసుకున్నారు.

తరువాత కొన్నేళ్ళకు, ఒక ఎండాకాలంలో, ఆయన పోయారు. ఆమోదం పొందిన ప్రసంగం నేను చదవలేదు. అందులో ఆ దగ్గు సంగతి లేదు. ఆ సంగతే చెప్పాను. గోతి చుట్టూ నిలబడ్డవాళ్ళు నవ్వారు. రాహేలమ్మ కూడా నవ్వి, నవ్వు మధ్యలోనే ఏడ్చింది. ఎవరూ ఫిర్యాదు రాయలేదు.

పాస్టరునయ్యాక కొంతకాలం బైబిల్ స్కూలులో అదే పాఠం నేను చెప్పాను. విశేషణాల జాబితా తీసేశాను. భూస్థాపన ప్రసంగం సరిగ్గా ఉందో లేదో తేల్చగలిగేది పోయిన మనిషితో కలిసి బతికినవాళ్ళే. ఆ ఇంటికి వెళ్ళి, వాళ్ళు చెప్పింది పూర్తిగా వినకుండా ఒక్క వాక్యం కూడా రాయకూడదు. ఈ పనికి కావలసిన నేర్పులో ఎక్కువ భాగం అదే. తక్కినది తాళ్ళు సమంగా వదలడం.